కోదాడ బస్సులో ఆడవాళ్ల సీటు

తొంభైల్లో ఒకసారి పరీక్ష రాయడానికి కాకినాడ నుంచి వచ్చి, కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. ఆడవాళ్ల సీట్లలో మొదటిదాన్లో ఒక మీసాలాయన తువ్వాలు పరుచుకుని మరీ కూర్చున్నాడు. లెమ్మనడానికి నోరు రాక, రాడ్డు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వెనక సీట్లో ఒక హిజ్రా కూర్చుని ఉంది, ఒళ్లో పచ్చిమిరపకాయల సంచితో. కండక్టర్ వచ్చి, "ఇది ఆడోళ్ల సీటు, లే" అన్నాడు ఆమెతో.

"ముందుగాల గా మీసాలాయనను లేపు సారూ. ఆయనేమన్న ఆడమనిషా?" అంది ఆమె నింపాదిగా.

బస్సంతా నవ్వింది. ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"కూసో చెల్లె, ఎక్కినకాన్నుంచి నిలవడ్డవ్" అంది నాతో. కూర్చున్నాను.

కండక్టర్ వదల్లేదు. "ఇగ నువ్వు లే" అన్నాడు ఆమెతో.

అప్పుడు నేను నోరు విప్పాను. "ఆవిడ లేస్తే నేనూ లేస్తానండీ."

ఆమె పక్కన మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ, "నేను గూడ లేస్త బిడ్డా" అంది.

ఖాళీ సీట్లతో కండక్టరేం చేసుకుంటాడు? టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. మీసాలాయన మాత్రం నేను వదిలిన రాడ్డు పట్టుకుని మిర్యాలగూడ దాకా నిలబడ్డాడు.