కాపురం ఏ ఊళ్ళో?

మా కోనసీమలో లోపాలతో పుట్టే పిల్లలు ఏ ఊళ్ళో ఎక్కువో తెలుసుకోవడం నా ఉద్యోగం. ఆస్పత్రుల్లో జననాల రిజిస్టర్లు తిరగేసి, తల్లి చిరునామా చూసి, పటం మీద ఎర్రచుక్క పెట్టేదాన్ని. సఖినేటిపల్లి చుట్టూ చుక్కలు గుంపుకట్టాయి. నీళ్ళలో ఏముందో చూద్దామని ఖాళీ సీసాలు పట్టుకుని అక్కడికి వెళ్ళాను.

మొదటి ఇంట్లో గ్రహణం మొర్రితో పుట్టిన పాపకి అమ్మమ్మ ఉగ్గుగిన్నెతో పాలు పడుతోంది. నీళ్ళు కావాలంటే నవ్వింది.

"పట్టుకెళ్ళండి. కానీ మా అమ్మాయి ఈ నీళ్ళు తాగిందెక్కడండీ? కాపురం కాట్రేనికోనలో. ఏడో నెలలో తీసుకొచ్చేం."

"అంతకుముందంతా అక్కడేనా?"

"ఆయ్. తొలికాన్పు కదండీ, పుట్టింటికి తెచ్చుకోమా?"

కడుపులో బిడ్డకి పెదవి అతుక్కోవలసింది మూడో నెల లోపే. అప్పటికి ఆ తల్లి ఇక్కడ లేనే లేదు. నా పటం మీద నాకే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను గుర్తుపెట్టింది లోపాలున్న ఊళ్ళని కాదు, పుట్టిళ్ళని. మరి అసలు చుక్కలు ఎక్కడ పడతాయి? గుంపు నిలుస్తుందా, చెదిరిపోతుందా?

సీసాల మూత తీయకుండానే కాట్రేనికోన వెళ్ళే బస్సెక్కాను. దారిలో గుర్తొచ్చింది. నా కూతురప్పుడు నేనూ పురిటికి మా అమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆస్పత్రిలో చిరునామా అడిగితే, తడుముకోకుండా అమ్మ ఊరే చెప్పాను.