ఆ రోజు వాళ్లను దింపింది నేను కాదు

మా పక్క క్వార్టరు స్టేషన్‌మాస్టారు మొన్న మంగళవారం పోయారు. నేను డ్యూటీ నుంచి వచ్చి సైకిలు దిగుతుంటే, ఆయన కొడుకు గేటు దగ్గర నిలబడి, "నాన్న వెళ్లిపోయేరన్నా" అన్నాడు. మర్నాడు కాలనీ వాళ్లు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. చాలా మంచివారు అని చెప్పి కూర్చున్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో ఇక్కడ చెప్పుకుంటాను.

ఆయనది విజయనగరం వైపు. చిన్న చిన్న స్టేషన్లలో పనిచేసి రిటైరై, భిలాయిలో కొడుకు దగ్గరకు వచ్చేశారు. గాలివాన వస్తుందంటే బండ్లు ఆపాల్సిన ఉద్యోగం కదా, ఆకాశం చూసే అలవాటు ఆయన్ని వదల్లేదు. వేసవి మొదలయ్యిందంటే పొద్దున్నే రేడియో వినేవారు. తర్వాత వీధిలోకి వచ్చి చిటికెడు దుమ్ము తీసి వదిలి, అది ఎటు పోతుందో చూసేవారు.

"అక్కడక్కడ ఉరుములతో జల్లులు అన్నాడు రేడియోవోడు. ఆ అక్కడక్కడ ఎక్కడో మనవే చూసుకోవాలి బాబూ" అనేవారు.

అప్పట్లో నేను మా వీధి చివర కడుతున్న రెండంతస్తుల క్వార్టర్ల దగ్గర ఒక కంట్రాక్టరు కింద మున్షీని. కూలీల హాజరీ రాయడం, పని నడిపించడం నా వంతు. ఆయన రోజూ అటుగా వచ్చి ఆ రోజు వాతావరణం చెప్పి వెళ్లేవారు. నాకు చిరాకు. ఒకసారి కూలీలందరి ముందూ, "ఏం మేస్టారూ, మీకింకా గాలివాన టెలిగ్రాములు వస్తున్నాయా?" అన్నాను. మేస్త్రీలు పగలబడి నవ్వారు. ఆయన కూడా కాస్త నవ్వి, కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు.

మే నెల మధ్యలో ఒకనాడు పొద్దున్నే వచ్చి, "నాలుగు రోజులు పడమటిగాలి కాల్చీసింది. ఇయాళ తూర్పుకి తిరిగింది, ఒళ్లంతా జిడ్డుగా ఉంది. మూడింటికల్లా పైనున్నోళ్లని దింపీయ్ బాబూ" అన్నారు.

"ఇవాళ పై గోడ పూర్తవ్వాలి. ఆకాశంలో చుక్క మబ్బు లేదు."

"మబ్బుకి మన డ్యూటీ టైముతో పన్లేదు. నా మాట తప్పయితే గంట పని పోతాది. నీది తప్పయితే ఏటి పోతాదో చూసుకో."

నేను హాజరీ పుస్తకం తెరిచాను. మూడు దాటాక పడమర నల్లబడింది. చూశాను. ఇంకో అరగంటలో గోడ అయిపోతుంది అనుకుని షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. అంతలో ఆయన గొంతు వినిపించింది.

"నోనీ, జల్దీ ఉతరవ! ఆంధీ ఆవత్ హే!"

తొందరగా దిగండమ్మా, గాలిదుమారం వస్తోందని ఆడకూలీలను వాళ్ల ఛత్తీస్‌గఢీలోనే, కూతుళ్లను పిలిచినట్టు పిలుస్తున్నారు. నా కేక కోసం చూడకుండా పైనున్న తొమ్మిది మందీ తట్టలు వదిలేసి దిగారు. ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. చివరి మనిషి కాలు నేలమీద పెట్టేసరికి ధూళి కమ్మేసింది. వెదురు పరంజా మొత్తం పెళపెళమని ఒరిగి కూలింది. ఒక పలక వచ్చి ఆయన మణికట్టుకి తగిలింది.

వాన తగ్గాక, కూలీలు ఇంకా షెడ్డులోనే ఉండగా, ఓవర్సీరు జీపులో వచ్చాడు. కూలిన పరంజా చూసి అతని మొహం పాలిపోయింది. "పైన ఎవరూ లేరా? కిస్‌నే ఉతారా?" అన్నాడు.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. "నేనే సార్. మబ్బు చూసి దింపేశాను."

నాలుగడుగుల దూరంలో మేస్టారు, విరిగిన చేతిని తువ్వాలులో చుట్టుకుని నిలబడి ఉన్నారు. నావైపు ఒక్కసారి చూశారు. ఇంటికి నడిచారు. ఓవర్సీరు నా భుజం తట్టాడు. ఆ పేరుమీదే ఆర్నెల్ల తర్వాత నాకు పక్కా ఉద్యోగం వచ్చింది.

ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఒకటి రెండుసార్లు క్షమించమని అడగబోయాను. "మనుషులు దిగేరు కదా, ఎవరు దింపితే ఏటి" అని మాట మార్చేశారు. ఆ మాటను అడ్డం పెట్టుకుని నేను హాయిగా బతికేశాను. ఏ వేసవిలోనూ నాకు గాలి సంగతి చెప్పడం ఆయన మానలేదు. మిగతావాళ్లకి నిజం చెప్పే పని మాత్రం నేను మొదలే పెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం వెళ్లి మేస్టారి భార్య, మామ్మగారి ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ఆవిడ మెల్లగా అంది:

"తెలుసు బాబూ. ఆ రోజే చెప్పేరు. నీ నౌకరీ పక్కా అయ్యేదాకా ఎవరితోనూ అనొద్దన్నారు. అయ్యేక కూడా అన్లేదు. నువ్వే చెప్తావని చూసేరు."

బయట గాలి లేచింది. పెరట్లో తీగమీద ఆయన తెల్లచొక్కా ఒక్కటే ఉంది, చేతులు రెండూ గాలికి కొట్టుకుంటున్నాయి. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఆవిడ లేవలేదు. ఆ చొక్కాని ముట్టుకోడానికి నాకు చేతులు రాలేదు. ఇద్దరం చూస్తుండగానే అది తడిసి, బరువెక్కి, కదలడం మానేసింది.