గుడిబండోడు గెలిచినాడు

మొన్న సోమవారం పొద్దున పెనుకొండలో మా మామ ఇంటి వసారాలో కూర్చుని, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, ఆదివారం జరిగిన మోటారుసైకిళ్ల ఆఖరి పందెంలో ఎవరు గెలిచారో ఆయనకు చెప్పేశాను. నోరు జారలేదు. చెప్పాలనే హిందూపురంలో రైలెక్కాను. ఆ సాయంత్రం నా తోడల్లుడు ధర్మవరం నుంచి వస్తాడనీ, మామ అతనితో కలిసి ఆ పందెం రికార్డింగు చూడాలని ముందురోజు మధ్యాహ్నం నుంచీ టీవీ పెట్టకుండా, ఫోను ఎత్తకుండా కాచుకుని ఉన్నాడనీ తెలిసే ఆ పని చేశాను.

ఈ మోటారుసైకిళ్ల ప్రపంచ పోటీల పిచ్చిని ఆ ఇంట్లోకి తెచ్చింది నేనే. ఎండలు మొదలైనప్పటి నుంచి చలి పడేదాకా సాగే సీజను అది. ఆదివారానికొక దేశం, ఒక్కో దేశంలో ఒక్కో రకం మలుపులు. మామ వయసులో ఉన్నప్పుడు వేరుశనక్కాయల వ్యాపారం చేస్తూ బండి మీద ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినవాడు. ఘాటు రోడ్డులో కూడా బ్రేకు తొక్కేవాడు కాదని అత్త ఇప్పటికీ తిడుతుంది. చక్కెర జబ్బు వల్ల ఇప్పుడు ఆయన కళ్లకు రంగులు కదలడం తప్ప మరేమీ ఆనదు. నాది హిందూపురంలో టీవీల అంగడి. చూపు చిన్నదైనప్పుడు బొమ్మ పెద్దది చేస్తే సరిపోతుందని లెక్క వేసి, అంగట్లో ఉన్నవాటిలో పెద్దది తెచ్చి గోడకు బిగించాను. పక్కన కూర్చుని ఏ టైరు ఎందుకు వేశారో, ఎవరికెన్ని పాయింట్లో వివరంగా చెప్పేవాణ్ణి. మామ మర్యాదగా ఊ కొట్టేవాడు. కాసేపటికి ఆ ఊ కాస్తా గురకలోకి దిగేది.

ఒక ఆదివారం తోడల్లుడు వచ్చాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పని అతనికి. మడత విప్పకముందే మాటలతో చీర కట్టబెట్టే నోరు. ఆ విదేశీ పేర్లు మామకు నోరు తిరగడం లేదని, ఆటగాళ్లకు మన ఊర్ల పేర్లు పెట్టేశాడు. బుక్కపట్నం చెరువులో నీళ్లలా మెత్తగా జారిపోయే నీలం బండివాడు బుక్కపట్నపోడు. బండరాయిలా ఎవరికీ దారి ఇవ్వని మొండి ఎర్రబండివాడు గుడిబండోడు.

"మామా, బుక్కపట్నపోడు ముందర పోతాండాడు. గుడిబండోడు ఎనకాలే అంటుకున్నాడు. మలుపొస్తాండాది, మోకాలు నేలకి రాస్తాండాడు, అదిగో!"

మామ తన మోకాలు పట్టుకుని కుర్చీలో ఆ పక్కకే ఒరిగాడు. ఆ రోజు గురక లేదు. నేను ఊరుకోలేక, ఆ టైరు ఇంక ఎక్కువసేపు ఆగదని అందుకున్నాను.

"అన్నా, టైరు సంగతి మల్ల చూద్దాం" అన్నాడు తోడల్లుడు. "మామ బండి మీద ఉండాడు, దింపొద్దు."

వంటింట్లోంచి అత్త కూడా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటి నుంచి సీజనంతా అంతే. నేను పెద్దల్లుణ్ణి, ఆ ఇంట్లో మొదటి విస్తరి నాది. కానీ ఆదివారం సాయంత్రమైతే మామ పక్క కుర్చీ చిన్నల్లుడిది. "చిన్నోడు యాడిదాకా వచ్చినాడంట?" అని మామ నన్నే ఫోను చేసి కనుక్కోమనేవాడు. ధర్మవరం రైలు ఆలస్యమని తెలిస్తే పైకి చుచ్చు అంటూ లోపల సంబరపడేవాణ్ణి. టీవీ నేనిచ్చాను, చూపు అతనిచ్చాడు. ఆ తేడా నాకు తెలుసు గనకే ఓర్వలేకపోయాను.

ఆఖరి పందెం నాటికి బుక్కపట్నపోడు, గుడిబండోడు ఇద్దరిలో ఎవరు ముందుంటే వాళ్లదే కిరీటం. పెళ్లిళ్ల రద్దీలో తోడల్లుడికి ఆదివారం సెలవు దొరకలేదు. "నేను చెప్తాలే మామా" అన్నాను ఆదివారం పొద్దున ఫోనులో. "వద్దులేప్పా, రేపు చిన్నోడొస్తాడు, వానితో చూస్తా" అన్నాడు మామ. ఆ మాట పట్టుకునే రైలెక్కాను.

గెలిచినవాడి అసలు పేరు చెప్పాను. "వాడెవడప్పా?" అన్నాడు మామ. దేశం చెప్పాను, బండి నంబరు చెప్పాను. ఆయనకు అందలేదు. చివరికి "గుడిబండోడు గెలిచినాడు మామా" అన్నాను. తోడల్లుడిని దెబ్బకొట్టడానికి కూడా అతని మాటే కావలసి వచ్చింది.

"గెలిచినోడెవడో చెప్తివి. మల్ల పందెం యాడుండాది?" అన్నాడు మామ. కోపం లేదు. "చిన్నోనికి చెప్పొద్దప్పా. తెలీనట్టే కూచుంటాలే."

అన్నీ తెలిసి ఆయన ఆ కుర్చీలో ఉత్తుత్తినే ఒరగడం ఊహించుకుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. సాయంత్రం తోడల్లుడి రైలు వేళకు స్టేషనుకు వెళ్లాను.

"నువ్వొచ్చినావేం అన్నా? మామకేమన్నా అయిందా?"

"మామకేం కాలేదు, నాకే" అని చేసింది చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. అతను సంచి భుజం మార్చుకున్నాడు.

"అంగట్లో ఎవురినీ ఆ మాటెత్తనీలేదన్నా నేను. ఎవురు గెలిచినారో నాకు చెప్పొద్దు" అన్నాడు. నాలుగడుగులు నడిచాక, "మొదటి విస్తరి నీదే కదన్నా, ఇంకా యాడికి కడుపుమంట?" అన్నాడు. పెద్ద పందేనికి ముందు అదే ట్రాకు మీద చిన్నబండ్ల పందెం జరిగింది. అదెవరు గెలిచారో నాకు నిజంగా తెలియదు, మామకూ తెలియదు. ముగ్గురం అది చూద్దామని అడిగాను.

ఇంటికి వెళ్లాక, అంతా చెప్పేశానని మామతో అని, ఆయన పక్క కుర్చీ తోడల్లుడికి లాగి, నేను కింద చాప మీద కూర్చుని ఫోనులోంచి ఆ పందెం టీవీకి పెట్టాను. "ఈ పచ్చబండోని పేరేంది?" అన్నాడు మామ.

"అన్న పెడతాడు" అన్నాడు తోడల్లుడు.

"హిందూపురపోడు" అన్నాను.

"అయితే మలుపులోనే పడతాడు" అన్నాడు మామ.

ముగ్గురం నవ్వుతుండగానే తెర మీద పందెం మొదలని చెప్పే ఎర్ర లైట్లు వెలిగి ఆరాయి. ఆ కుర్రవాళ్లు ఈపాటికి గెలిచో ఓడిపోయో ఇళ్లకు చేరి ఉంటారు. మామ మాత్రం రెండు చేతులతో కుర్చీ పట్టుకుని మొదటి మలుపు కోసం చూస్తున్నాడు. జరిగిపోయినదైనా సరే, మనకు తెలియనంతసేపు అది ఇంకా రావలసిన కాలమే.