కుసుమ్‌బెన్ మా ముత్తాత

దొరికింది! కుసుమ్‌బెన్ దొరికింది. ఆమె మా ముత్తాత!

నవ్వకండి, మొత్తం వినండి. రికార్డుల ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఒళ్లో పాత దస్తావేజు నకలు ఉంది, జిరాక్స్ మిషన్ వేడి దానికింకా పోలేదు. లోపల నా ముందు తెరిచిన అసలు పుస్తకం వాసన, తడిసి మూటలోనే ఆరిన బట్టల వాసనలాంటిది, నా వేళ్లకు అంటుకునే ఉంది. అది నాకు కొత్త కాదు. తాపీ నది పొంగి మా వాడ మునిగి తేలాక నాయనమ్మ రేకు పెట్టె తెరిచినప్పుడు ఇదే వాసన వచ్చింది. అందులోని కాగితాలన్నీ అప్పటికే ముద్దయ్యాయి.

రైలు పట్టాల అవతల, మరమగ్గాల కార్ఖానాల మధ్య, పగలంతా నేల సన్నగా అదురుతూ ఉండే చోట మా ఒంటిగది ఇల్లు. ముత్తాత రాజయ్య, అంటే నాయనమ్మకు మామ, సిరిసిల్ల వైపు నుంచి మావాళ్లందరికంటే ముందు సూరత్ వచ్చి ఆ జాగా కొని గోడలు లేపాడని నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాత ఊరి నుంచి ఎవరు రైలెక్కినా, "కుసుమోళ్ల ఇల్లేదని అడుగుండ్రి, సూపిస్తరు" అని చెప్పి పంపేవారట. కుసుమ మా ఇంటిపేరు. అది ఆమె నోట్లో తప్ప ఏ కాగితంలోనూ లేదు. బాపును బడిలో వేసిన రోజు ఇంటిపేరేమిటని అడిగితే వెంట వెళ్లినవాళ్లెవరో కులం పేరు చెప్పారు, ఇక మేమంతా అదే రాసుకున్నాం.

ఎండాకాలం రేకులు కాలిపోతుంటే నాయనమ్మ తడిపిన గోనెసంచులు పైన పరిపించేది, వానాకాలం అవే సంచులు గడపకు అడ్డం పడేవి. ఉత్తరాయణ్ నాడు మేడల మీంచి తెగిపడిన పతంగుల కోసం సందులన్నీ పరిగెత్తి, చిరిగిన చోట అన్నం మెతుకులతో అతికించి ఎగరేసేవాళ్లం. మిగతా రోజుల్లో ఖాళీ బాబిన్లు వరుసగా నిలబెట్టి బంతితో కూల్చడమే ఆట. బతుకమ్మకు తంగేడు పువ్వు దొరికేది కాదు. నాయనమ్మ కార్ఖానాల బయట పడేసిన పసుపు జార్జెట్ ముక్కలు ఏరుకొచ్చి, గుత్తులు గుత్తులుగా కట్టి, బంతిపూల మధ్య గుచ్చి, "తల్లికి కండ్లు సరిగ కానరావు తియ్యి, ఏమనదు" అని మాకు కన్నుగీటేది. ఆటయ్యాక నెయ్యి, బెల్లం కారుతున్న మలీద ముద్దలు మా అరచేతుల్లో పెడుతూ, "కుసుమోళ్ల ఇంట్ల మలీద, ఊకెనే అనుకున్నరా!" అనేది.

నేను అయిదో తరగతిలో ఉండగా, వాడ కూల్చి గోదాములు కడతానని ఒక బిల్డరు వచ్చాడు. జాగా తమదని చూపించినవాళ్లకు వేరేచోట ఇల్లు ఇస్తాడట. మా తెలుగు బడిలో గుజరాతీ కూడా నేర్పేవారు కాబట్టి బాపు నన్ను వెంటబెట్టుకుని ఈ రికార్డుల ఆఫీసుకే వచ్చాడు. జాగా ఎవరిదో రాసి ఉండే కార్డు మీద పేరు నేనే వేలు పెట్టి చదివాను: కుసుమ్‌బెన్ రాజయ్య. ఇక్కడ ఆడవాళ్ల పేరు వెనక మొగుడి పేరు రాస్తారు. మా ముత్తవ్వ పేరేమో మల్లవ్వ. మరి ఈ కుసుమ్‌బెన్ ఎవరని గుమస్తా అడిగితే బాపు నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా అరిచాడు. "నీ మామ ఎవతికో రాసిచ్చిండే అవ్వా!"

నాయనమ్మ బియ్యం చెరగడం ఆపింది. "ఓరి పిచ్చి కొడుకా, కుసుమోళ్లంటె మనమే గాదుర!"

"బెన్ అని రాసున్నది. ఆడిదాని పేరది. సదువు రాదు, నువ్వు ఊకో."

ఆమె నా వైపు చూసింది. నేను నా గుజరాతీ అంతా చూపించుకోవాలన్న ఉబలాటంతో, "మొగోళ్లకైతే భాయ్ అని రాస్తరు నాయినమ్మా, బెన్ అంటే అక్క" అని అప్పజెప్పాను.

మరునాడు నల్లా దగ్గర ఎదురింటి లచ్చవ్వ, "ఏంది వదినా, మీ మామకు గుజరాతి పెండ్లాం గూడ ఉండెనట! మాకు పప్పన్నమన్న పెట్టకపాయె" అంది. అందరూ నవ్వారు. నాయనమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆ గది తనది కాదని బాపు బిల్డరు కాగితం మీద సంతకం పెట్టాడు. వడోద్‌లో కిరాయి గదికి మారాం. ఆ ఏడు నాయనమ్మ జార్జెట్ ముక్కలు ఏరలేదు. కుసుమ అన్న మాట ఆమె నోట మళ్లీ వినలేదు. ఆ కిరాయి గదిలోనే పోయింది.

ఈ ఏడే నా డిగ్రీ పూర్తయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ! కులం సర్టిఫికెట్‌కు వంశవృక్షం రాసివ్వమన్నారు, ఇక్కడ దాన్ని పేఢీనామా అంటారు. దానికి ముత్తాత ఇక్కడే ఉన్నాడన్న రుజువు కావాలి. కార్డు వద్దు, అసలు దస్తావేజే చూడాలని పట్టుబట్టి, నెలలు తిరిగి, ఇవాళ చూశాను. గుజరాతీలో 'కుసుమ రాజయ్య' అని ఉంది. బెన్ లేదు. కింద, ఇన్నేళ్లూ ఈ ఆఫీసులో ఎవరూ చదవలేని సంతకం. గుమస్తా దాన్ని ఏదో డిజైన్ అనుకున్నాడట. తెలుగు! వంకర టింకర తెలుగు అక్షరాల్లో, కుసుమ రాజయ్య. తర్వాతెప్పుడో కార్డుకు ఎక్కించిన చెయ్యి, కుసుమ అంటే ఆడమనిషే అనుకుని, మర్యాదగా బెన్ చేర్చింది. నేను వేసిన కేకకు ఆఫీసంతా లేచి నిలబడింది.

పేఢీనామాకు ఇది చాలు. గదికి మాత్రం పనికిరాదు, బాపు సంతకం ఉంది కదా. మా గడప ఉన్నచోట చీరల గోదాము లేచింది. లారీలు అక్కడ వెనక్కి తిరుగుతాయి. నేల ఇప్పుడు అదరదు, మగ్గాలన్నీ ఎత్తేశారు. తంగేడనుకుని ఆడిన జార్జెట్ పూలు నేను తప్ప ఎవరూ తలచుకోరు. ఆ రోజు ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఒక్కతే, ఆమెకే చదువు రాదన్నాం.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

అమ్రోలిలో అత్తమ్మ. ఏడుస్తుంది, తీరిగ్గా చేయాలి.

కిమ్‌లో చిన్నాయన. మిషన్ల మోతలో రెండుసార్లు చెప్పాలి.

లచ్చవ్వ. ఇప్పుడు సిరిసిల్లలో కొడుకు దగ్గర ఉంది, చెవులు వినిపించవు. అరిచైనా చెప్తాను.

బాపు. ఏడింటికి డ్యూటీ దిగుతాడు. ఫోన్ ఎత్తగానే, "ఏంది బిడ్డా, కాయితం దొరికిందా?" అంటాడు.