పూజ చేసిన చక్రం

ఆ వయసులో నేను ఏ పనీ కుదురుగా కూర్చుని చేసి ఎరగను. అన్నం కూడా నిలబడే తినేదాన్ని. డిప్లొమా అయిపోయి, కోయంబత్తూరులో ఉద్యోగానికి వెళ్ళబోయే ముందు, విరుదునగర్ అవతల నల్లరేగడి చేలో జీపుల బురద పందెం పెడుతున్నారని తెలిసింది. నాన్న బాగా బతిమాలించుకుని, “ఈ ఒక్కసారికే” అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఈ పిచ్చి వేషాలు ఉండకూడదని ఒప్పందం. కాబట్టి ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు పందెం గేటు దాటకపోతే నాకు జన్మలో ఇక పందెం లేదు. (అప్పట్లో నాకు ప్రతిదీ జన్మ సమస్యే.)

మాది కోవిల్‌పట్టి పక్క పల్లె. పొలానికి తిరిగిన పాత జీపుకు ముందు ఎడమ చక్రం గీపెడుతోందని, మా మేనమామ (ఊరందరికీ గ్రీజు మామ, పంచె తెల్లగా ఉండగా చూసినవాళ్ళు లేరు) కొత్త బేరింగులు తెచ్చాడు. పందెం రోజు పొద్దున్నే నేనే వేశాను. వేశాక చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించాలి, బేరింగులు కుదురుకున్నాక మళ్ళీ కాస్త వదులు చెయ్యాలి. బిగుతుగానే వదిలేస్తే వేడెక్కి పట్టేస్తుంది. నేను బిగించాను. వదులు చేయబోతుంటే మా అమ్మమ్మ, అంటే అవ్వ, అరుగు మీంచి కేకేసింది.

“తొమ్మిదయిపోయె పాపా, రాగుకాలం వచ్చేసింది. వండి మీద చెయ్యి పెట్టొద్దు!” (రాగుకాలమంటే రాహుకాలం, వండి అంటే బండి. మా ఇళ్ళలో తెలుగు సగం అరవమే.)

“కొంచెం వదులు చెయ్యాలవ్వా, అంతే!”

“మంచి పనికి పొయ్యేటప్పుడు వదులు చేసేదేందే? పదిన్నర దాకా ఊరికే ఉండు.”

తల్లి మాటకు ఎదురు చెప్పని మామ, దుమ్ము పడకుండా చక్రానికి మూత పెట్టేసి కాఫీకి వెళ్ళిపోయాడు. నేను కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగాను. గడియారం చూశాను, ఫోను చూశాను, రెండూ ఒకే టైము చూపిస్తుంటే రెండింటి మీదా కోపమొచ్చింది. పదిన్నర కాగానే లోపలికెళ్ళి మొహం కడుక్కుని, స్పానరు పట్టుకుని పరిగెత్తుకొస్తే ఏముంది! ఆ కాస్తలోనే చక్రానికి పసుపు, కుంకుమ, మూత చుట్టూ కనకాంబరాల దండ, టైరు కింద నిమ్మకాయ.

“పూజ చేసినదాన్ని ఇప్పుతారా ఎవురైనా? సామి మీద స్పానరు పెడతావా?” అంది అవ్వ.

“మామా, నువ్వైనా చెప్పు!”

మామ ఆకాశం వంక చూశాడు. “మెల్లగా పోతే ఏం కాదులే పాపా.” (మెల్లగా! నాతో!)

పులిహోర గిన్నెతో అవ్వ కూడా వెనక ఎక్కి కూర్చుంది.

సాత్తూరు దాటామో లేదో కమురు వాసన. దిగి చూస్తే చక్రం మధ్య నుంచి పొగ, కరిగిన గ్రీజుతో కలిసి కుంకుమ టైరు మీదికి కారుతోంది. చెయ్యి పెట్టలేనంత వేడి. పదకొండున్నర దాటింది. నేను రోడ్డు పక్కనే చతికిలబడి, సిగ్గు విడిచి ఏడ్చేశాను. అవ్వ దిగి చక్రాన్ని చూసింది, తర్వాత నా మొహం చూసింది. వాడిపోయిన దండను కొంగుతో పట్టుకుని తీసేసింది.

“ఇప్పు పాపా. సామితో నేను మాట్లాడుకుంటా.”

అది చల్లారాలి, మామ లారీ ఎక్కి సాత్తూరు వెళ్ళి మళ్ళీ బేరింగులు తేవాలి, మళ్ళీ బిగించాలి, ఈసారి వదులూ చెయ్యాలి. మేం చేరేసరికి సాయంత్రమైంది. జీపులన్నీ బురద కారుతూ ఇళ్ళకు మళ్ళుతున్నాయి. “ముడిఞ్చిరుచ్చుమ్మా,” అయిపోయిందమ్మా అన్నాడు గేటు మనిషి. నా ఏడుపు మొహం చూసి జాలిపడి, పందెం బాటలో ఒక చుట్టు తిరిగి వెళ్ళమన్నాడు. మామ పక్క సీటు ఎక్కబోతే అవ్వ అతని భుజం పట్టుకుని లాగింది.

“నువ్వు దిగరా. నేను పోతా.”

కొంగు నడుముకు చుట్టి, ముందున్న కడ్డీ రెండు చేతులా పట్టుకుని, “ఊఁ, పోనీ” అంది. మొదటి గుంటలోనే రేగడి బురద మా ఇద్దరి మొహాలమీదా పడింది. భయపడి వేగం తగ్గించాను. “నిలపొద్దు! ఇంకా సీక్రం పోనీ పాపా, సీక్రం!” అని అరుస్తూ, పళ్ళలో బురదతో నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని నాకప్పటిదాకా తెలియదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఒప్పందం ప్రకారం మళ్ళీ పందెం మాట ఎత్తలేదు. అవ్వ కూడా పోయి చాలా కాలమైంది. ఆ రోజు వేళకు చేరి ఉంటే నా పక్కన మామ కూర్చునేవాడు, అవ్వ గొడుగేసుకుని గట్టు మీద ఉండిపోయేది. రోడ్డు పక్కన కూలబడి ఏడ్చిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఏదో పోగొట్టుకున్నాననుకుంది, పిచ్చిది.