జర జరుగు

తాండూరు నుంచి వికారాబాదుకు ప్యాసింజరులో గంటకు పైనే ప్రయాణం. మోకాలు బాగున్న రోజుల్లో ఆ దూరమంతా నేను నిలబడే వెళ్లేవాణ్ణి. కర్ణాటక వైపు నుంచి వచ్చే బండి అది. తాండూరు చేరేసరికే బల్లలన్నీ నిండి ఉంటాయి, పెట్టెలో సగం మంది కన్నడం మాట్లాడుతుంటారు. ముగ్గురి కోసం చేసిన బల్ల మీద నలుగురు కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. నాలుగో మనిషి వచ్చి "జర జరుగు" అంటాడు. ముగ్గురూ జరుగుతారు. అంతే.

ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్లకు దాని అవసరం పడలేదు. తాతగారు నడిచి వస్తుంటే మనుషులు ముందే పక్కకు తప్పుకునేవారట. ఇదే దారిలో ఆయన హైదరాబాదు వెళ్లినప్పుడు మొదటి తరగతి పెట్టె, వెంట పరుపు పరిచే మనిషి, మంచినీళ్ల కూజా. ఇప్పుడు ఆయన కట్టుకున్న మా గడీలో పైకప్పు నిలిచినవి రెండు గదులూ ఒక వంటిల్లూ. అందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. అడిగే అలవాటు మాత్రం నాకు రాలేదు. నిలబడగలిగినంత కాలం దానివల్ల ఇబ్బందీ కలగలేదు.

నిరుడు వానల్లో మెట్టు మీద జారాను. అప్పటి నుంచి వికారాబాదులో వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరకు వారానికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. బస్సు కుదుపులు మోకాలికి పడవు కాబట్టి రైలే. వెళ్లిన ప్రతిసారీ ఆమె మోకాలి చుట్టూ టేపు పెట్టి కొలిచేది. నెల గడిచినా వాపు దిగలేదు.

"రైల్ల నిలబడి వస్తున్నరా సార్?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె నా ముఖం చూసి, టేపు చుట్టి పక్కన పెట్టింది.

"ఇంకో రెండు వారాలు చూస్త. తగ్గకుంటే ఆపరేషనే. తర్వాత ఈ కాలు మునుపటిలెక్క వంగుతదని నేనైతే మాటియ్యలేను."

తర్వాతి ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పెరట్లో నడుస్తూ, బల్ల దగ్గర అనాల్సిన ఆ మాటను లోలోపల రెండు మూడుసార్లు అనుకున్నాను. కష్టమైన మాటేమీ కాదు.

మర్నాడు నాన్నగారి నల్లకోటు తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని బండి ఎక్కాను. ఆ పెట్టెలో ఫ్యాన్లు మీట వేస్తే తిరగవు. ఎవరో ఒకరు లేచి దువ్వెనతో రెక్కను ఒక తోపు తోయాలి. ఫోన్లు పెట్టుకునే ప్లగ్గుల్లో ఒక్కటే పనిచేస్తుంది, దానికి వరుస ఉంటుంది. మరుగుదొడ్డికి గడియ లేదు. లోపలికి వెళ్లేవాడు బయట ఒకరిని తలుపు పట్టుకోమని చెప్పి వెళతాడు. నేను ఎక్కేసరికి ఒకాయన అప్పుడే ఫ్యాను తిప్పి, దువ్వెన జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నాపరాళ్ల పాలిషింగులో పనిచేసే మనిషి. చెవుల మీద తెల్లటి దుమ్ము ఉంది. ఆ బల్ల మీద ఆయనతో కలిపి ముగ్గురు.

వాళ్ల ముందు నిలబడ్డాను. బండి కదిలింది.

"జరుగు" అన్నాను.

ఆ మనిషి జరగలేదు. లేచి నిలబడ్డాడు.

"లైన్ల నిలబడ్డ సారు. టికెట్ తీస్కునేలోపల బండి వచ్చేసింది. అబద్ధం కాదు సారు."

మిగిలిన ఇద్దరూ జేబుల్లోంచి టికెట్లు తీసి చేత పట్టుకున్నారు. నన్ను ఎవరనుకున్నారో అర్థమైంది. కాదని ఆ క్షణంలోనే చెప్పాలి. మోకాలు అప్పటికే లాగుతోంది. ఖాళీ అయిన చోట కూర్చున్నాను. ఆయన వెళ్లి మరుగుదొడ్డి పక్కన నిలబడ్డాడు.

ధారూరులో ఒకామె సీతాఫలాల గంపతో ఎక్కింది.

"జర జరుగు కాకా" అంది నాతో. జరిగాను. ఆమె గంపను బల్ల కిందికి తోసి కూర్చుని, తలుపు వైపు చూసి నవ్వింది. "గాయన జూడుండ్రి, పాయఖాన కాడ కొలువు దొరికినట్టు నిలబడ్డడు. వచ్చెటోళ్లకు పొయ్యెటోళ్లకు తలుపు పడుతుండు."

"టికెట్ లేదు. ఈ సారు లేపిండు" అన్నాడు కిటికీ దగ్గరి మనిషి.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "టీసీలు గిట్ల ఇరుక్కొని కూసుంటరా? నువ్వు టీసీవా కాకా?"

"కాదు."

"మరెందుకు లేపినవు?"

"లేపలేదు. మోకాలు బాగాలేదు. జరుగు అన్నాను."

కిటికీ మనిషి టికెట్టును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆమె మాత్రం పెట్టెంతా వినేలా కేకేసింది. "ఓ అన్నా, దా. గీయన టీసీ కాదు. మనలెక్కనే."

ఆయన వచ్చాడు. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. మా ఇంటి మనిషి భుజం మీద బయటివాళ్లు చెయ్యి వేయడం నాకు తెలిసి అదే మొదలు.

"కూసో కాకా. మస్తు పరేషాన్ చేస్తివి. నలుగురికి తలుపు పట్టిన."

"తప్పు నాది. అప్పుడే చెప్పాల్సింది" అన్నాను.

"జర అనాలె గద. జర లేకుంట ఉత్త జరుగు అంటే సర్కారోళ్ల మాటనే అయితది." తర్వాత బల్ల వైపు తిరిగి, "జర జరుగుండ్రి" అన్నాడు. అందరం జరిగాం. ఐదుగురం అయ్యాం. ఆయన మోచెయ్యి వికారాబాదు దాకా నా పక్కటెముకల్లోనే ఉంది. దిగాక టికెట్ల కిటికీ వైపు వెళ్లాడో లేదో నేను చూడలేదు.

ఆ రోజు టేపులో తేడా ఏమీ కనిపించలేదు. ఆ నెలలోనే వాపు దిగింది, ఆపరేషను మాట డాక్టరమ్మ మళ్లీ ఎత్తలేదు. అయితే ఆ మధ్యాహ్నం తిరుగు బండి ఎక్కినప్పుడు నాకు అదేమీ తెలియదు. బల్ల మీద ముగ్గురు కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నారు. వాళ్ల ముందు నిలబడి, కోటు గుండీలు విప్పి, "జర జరుగుండ్రి" అన్నాను. గొంతు తగ్గించి అన్నానేమో, వాళ్లకు వినపడలేదు.

ఇంకోసారి అన్నాను.