నేలచూపుల ద్వారపాలకుడు

మా రేవులో సముద్రపు అమ్మవారి గుడికి టీ కాచేది నేనే. గుడి పెద్దలు ఏ తగువు పెట్టుకున్నా నా పొయ్యి పక్కనే పెట్టుకుంటారు కాబట్టి ఊళ్ళో సంగతులు అందరికంటే ముందు నాకే తెలుస్తాయి. స్యౌ గిన్‌చూ అక్క సంగతైతే మొదటినుంచీ దగ్గరుండి చూశాను. అయినా ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. అంతా అర్థమైనట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

గిన్‌చూ అక్క తండ్రి గుడి తలుపుల మీద ద్వారపాలకుల బొమ్మలు వేసేవాడు. పందినెత్తురు, సున్నం కలిపి తలుపుకు పూత పెట్టడం, రంగులు నూరడం, కుంచెలు కడగడం అన్నీ ఆవిడ చేతే చేయించాడు. కుంచె పట్టుకోవడం మాత్రం కొడుక్కి నేర్పాడు. ఆడది దేవుడి మొహం గీస్తే ఆ దేవుడు కాపలా కాయడని మా వైపు పట్టింపు. మరి లోపల కూర్చున్న అమ్మవారు ఆడది కాదా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తండ్రి పోయాక, కొడుకు సినిమా బొమ్మలు గీస్తానని పట్నం పోయాడు. గిన్‌చూ అక్క చేపల మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో పాత పడవ చెక్కల మీద ద్వారపాలకులను గీసుకుంటూ కూర్చుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ గడ్డాల మొహాలు చూసి జడుసుకుని వచ్చిన దారినే పోయారు.

ఆ తరవాత పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇక ఈ పిచ్చి వదిలిందిలే అనుకున్నాం. ఆవిడ ఎడమ చేత్తో మొదలుపెట్టింది. కొత్తలో ఆవిడ గీసిన మీసాలు చీపురుపుల్లల్లా ఉంటే మొహం మీదే నవ్వాను. ఆవిడా నవ్వి, చెక్క గీకేసి మళ్ళీ గీసింది. ఏళ్ళ తరబడి అదే పని.

చివరికి గుడి తలుపులు ఉప్పుగాలికి పెచ్చులూడిపోయాయి. పని తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. గుడి పెద్ద ఓంగ్ చుయ్‌బొక్ తల గోక్కుంటూ ఆవిడ షెడ్డుకి వెళ్ళాడు. ఆల్చిప్పలు పెంచే ఆసామీ, మనిషి మంచివాడే. కాకపోతే నలుగురూ ఏమంటారో తెలియందే తుమ్మడు కూడా. ముందు ఎడమ తలుపు వెయ్యి, అందరికీ నచ్చితే కుడి తలుపు కూడా నీదే అన్నాడు.

ఎడమ తలుపు మీద తెల్ల మొహం ద్వారపాలకుడు లేచాడు. కవచం మీద ఒక్కో రేకూ ఎండలో మెరిసింది. కళ్ళు ఆఖరున వేస్తారు. మనం ఎక్కడ నిలబడ్డా ఆ కళ్ళు మనల్నే చూడాలి, అదీ పద్ధతి. అడ్డు కట్టిన గుడ్డ తీసేసరికి ఊరంతా నోరు తెరిచింది. ఆయన ఎవరినీ చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు.

"ఇదేంటక్కా! నేలచూపులు చూస్తున్నాడు, దొంగతనం చేసి దొరికిపోయినోడిలాగ?" అన్నాడు చుయ్‌బొక్.

"గడప కేసి చూస్తున్నాడు" అంది గిన్‌చూ అక్క.

"గడప కేసి ఎందుకూ?"

"ఏమో తమ్ముడూ. కళ్ళు ఎదురుగా పెడదామనే కూర్చున్నా. చెయ్యి కిందికే పోయింది."

"చెయ్యి బాగోక అలా వచ్చిందా, కావాలనే వేశావా?"

"అదే నాకూ తెలీడం లేదు."

మా గుడి గడప మోకాలెత్తు, దాన్ని తొక్కకూడదు. గిన్‌చూ అక్క తలుపు చట్రం పట్టుకుని, పడిపోయిన కాలిని చేత్తో ఎత్తి అవతల పెట్టుకుంటుంది. అందుకేనా? నాకేం తెలుసు. ఆల్చిప్పలు ఒలిచే ఒక ముసలమ్మ, "నా కాళ్ళకేసే చూస్తున్నాడు, సిగ్గేస్తోంది" అంది. ఇంకో ముసలమ్మ, "పడిపోతావేమోనని చూస్తున్నాడే మొద్దూ" అంది. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

"కనుపాపలు రెండు చుక్కలేగా అక్కా. పైకి జరిపితే గొడవే ఉండదు" అని బతిమాలాడు చుయ్‌బొక్.

"వాటిని జరపమంటే కుడి తలుపు నాకొద్దు."

"వెయ్యాలని లేదా నీకు?"

"చచ్చేంత ఉంది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు అప్పుడే చూశాను.

ఇక అమ్మవారినే అడుగుదామన్నారు. ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బుగా ఉండే చంద్రవంక చెక్కలు రెండు నేల మీద వేస్తాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔను. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు ఔననీ కాదనీ చెప్పకుండా నవ్వుతున్నట్టు.

"కళ్ళు చెరిపెయ్యమంటావా తల్లీ?" అని చుయ్‌బొక్ వేశాడు. నవ్వు. "పోనీ ఉంచమంటావా?" అని వేశాడు. మళ్ళీ నవ్వు.

"సంతోషంతో నవ్వుతోందా, మనల్ని చూసి నవ్వుతోందా?" అని అడిగాను.

"నువ్వు టీ సంగతి చూసుకో" అని కసిరాడు. ఆయన మొహానికి చెమటలు.

గిన్‌చూ అక్క చెక్కలు తనకిమ్మంది. ఆపసోపాలు పడి మోకరిల్లి, పేరూ ఇల్లూ చెప్పుకుని, "నేను చేసింది తప్పా తల్లీ?" అని అడిగింది. చెక్కలు గిరగిరా తిరిగి రెండూ బోర్లా పడ్డాయి.

కాదు.

"చూశారా, తప్పు కాదంట!" అన్నారు సగం మంది. "తప్పు కాదనలేదు, ఒప్పుకోనంటోంది. రెండూ బోర్లా అంటే కోపం!" అన్నారు తక్కినవాళ్ళు. ఇలాంటివి ఔనొస్తే మేలయ్యేలా అడగాలని మా పిల్లలకి కూడా తెలుసు. ఈవిడ తిరగేసి అడిగింది.

"సరిగ్గా ఇంకోసారి అడుగక్కా" అన్నాడు చుయ్‌బొక్.

"అడిగాను, చెప్పింది. ఎన్నిసార్లని విసిగిస్తాం?" అని ఆవిడ లేచింది. కాలు ఎత్తి గడప దాటించుకుని, ఖాళీగా ఉన్న కుడి తలుపు దగ్గరికి స్టూలు ఈడ్చుకుంది. ఆపాలో ఆపకూడదో తెలియక అందరం గుడ్లప్పగించి నిలబడ్డాం. ఒంటి చేత్తో ఎక్కబోతే స్టూలు ఊగింది. చుయ్‌బొక్ ఒక్క ఉరుకున వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాడు. అటు జనాన్నీ, ఇటు ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, నాకేం అర్థం కావడం లేదు" అన్నాడు.

"నాకూ అంతే. స్టూలు కదలనీకు" అంది గిన్‌చూ అక్క.